ఏడాదిలోపు కాళేశ్వరం

మా ఆయన పోయిన పదకొండో నెలలో అత్తమ్మ కాళేశ్వరం పోవాలన్నది. ఏడాది నిండకముందే పోవాలి, నిండినాక పోయి లాభం లేదన్నది. సంవత్సరీకం తిథికి ఇంకా మూడు వారాలుంది. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు. నేను తెలుగు చెప్పే ప్రభుత్వ జూనియర్ కాలేజీకి తాళం వేసి ఉంది. తాళం వేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఆ రోజుల్లో నాకు ఏ పనీ లేదు, అయినా ఎప్పుడూ అలసటగా ఉండేది. చైతన్యపురి వెనక కాలనీలో మేడ మీద రెండు గదుల కిరాయి ఇల్లు మాది. పొద్దున లేచి చాయ్ పెట్టడం, అత్తమ్మకు బీపీ గోళీ ఇవ్వడం, ఆయన బట్టలున్న బీరువా తెరిచి మళ్లీ మూయడం. అంతకు మించి ఏం చేశానో గుర్తు లేదు. పుస్తకం తెరిస్తే పేజీ కదిలేది కాదు. పరామర్శకు వచ్చినవాళ్ల మాటలన్నీ ఎక్కడో చదివినట్టే ఉండేవి. మంచి మాటలే, కానీ ఏవీ ఆయన గురించి కావు.

అత్తమ్మ పోచంపల్లి మనిషి. పెళ్లికి ముందు నుంచీ ఆసు పోసింది. చీరకు కావలసిన పట్టునూలును మేకుల చుట్టూ వేలసార్లు అటూ ఇటూ తిప్పే పని అది. తిప్పి తిప్పి ఆమె కుడి భుజం పడిపోయింది. ఒక్క పోగు లెక్క తప్పితే మగ్గం మీద పువ్వు పక్కకు జరుగుతుంది, అప్పుడిక చేసేదేమీ ఉండదు. ఆమె ఏ విషయాన్నైనా అట్లాగే చూస్తుంది. ఎక్కడ తప్పిందో వెనక్కి పోయి వెతుకుతుంది. నలభై ఆరేళ్ల కొడుకు కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు గుండె ఆగి బండి మీంచి పడిపోతే, డాక్టర్లు చెప్పిన కారణం ఆమెకు సరిపోలేదు. పదకొండు నెలలు వెతికింది. వెతికి వెతికి కాళేశ్వరం దగ్గర ఆగింది.

ఆయన పోవడానికి ముందటి కార్తీకంలో ముగ్గురం అక్కడికి పోయి వచ్చాం. గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, శివుడు. స్థలపురాణం చిన్నదే. ముక్తేశ్వరుణ్ణి కొలిచినవాళ్లంతా నేరుగా మోక్షానికి పోతుంటే యముడికి పని లేకుండా పోయింది. ఆయన పోయి శివుడి దగ్గర మొర పెట్టుకున్నాడు. నా పీట మీదే నా పక్కన కూర్చో, ముందు నిన్ను కొలిచి తర్వాత నన్ను కొలిచినవాళ్లకే ముక్తి, నిన్ను కాదని వచ్చినవాళ్లను నువ్వే తీసుకుపో అన్నాడు శివుడు. అందుకని అక్కడ ముందు యముడికి నీళ్లు పోయాలి. ముక్తేశ్వర లింగానికి ముక్కు రంధ్రాల్లాంటి రెండు రంధ్రాలున్నాయి. ఎన్ని నీళ్లు పోసినా లోపలికి పోతాయి. గోదావరిలో ప్రాణహిత కలిసే చోట అవి బయటికి వస్తాయంటారు.

మేం పోయింది సోమవారం. విపరీతమైన జనం. ముగ్గురికీ కలిపి మా దగ్గర ఒకటే చెంబు. వెనక నుంచి తోస్తున్నారు. ముందు యమధర్మరాజుకు, ముందు యమధర్మరాజుకు అని పూజారి చెప్తూనే ఉన్నాడు. ఆ మాట అత్తమ్మ చెవిన పడేలోపే ఆమె చెంబు మొత్తం ముక్తేశ్వరుడి మీద ఒంపేసింది. యముడి లింగానికి చుక్క మిగల్లేదు. మళ్లీ నీళ్లు పట్టుకొస్తానన్నది. హనుమకొండ బస్సుకు టైమైందని, మర్నాడు పొద్దున్నే నాకు పరీక్ష డ్యూటీ ఉందని, చాలు పదమని నేను అన్నాను. బయటికి వచ్చేశాం. బస్సు ముప్పావు గంట లేటుగా వచ్చింది.

ఇంకో కార్తీకం రాకముందే, దసరా దాటిన వారానికి, ఆయన పోయాడు.

పది రోజులూ ఇంట్లో గరుడపురాణం చదివించారు. నేను వినలేదు. అత్తమ్మ గోడకు ఆనుకుని ప్రతి మాటా విన్నది. పోయిన జీవుడు నడిచి నడిచి యమపురి చేరడానికి ఏడాది పడుతుందన్న మాట ఆమె మనసులో నాటుకుపోయింది. ఏడాది నిండిన రోజున వాడు యముడి ముందు నిలబడతాడు. నా గుడిదాకా వచ్చి నన్ను లెక్కచెయ్యకుండా పోయినవు గదా అని ఆయన అడిగితే వాడు ఏం జవాబు చెప్తాడు? ఆమె భయం ఇది. వాడు అక్కడికి చేరేలోపు తను పోయి, ఆనాడు పొయ్యని నీళ్లు పోసి, వాడి మీద తప్పు లేకుండా చేసి రావాలి.

"వాడింక దారిల ఉన్నడు బిడ్డా," అన్నది. "మూడు వారాలే దారి మిగిలింది."

నాకు ఇట్లాంటి నమ్మకం లేదు. ఆ పురాణాన్ని నేను చదివింది ఒక పుస్తకంగానే. కానీ పదకొండు నెలలుగా అందరూ ఆయన లేడనే చెప్తున్నారు. దారిలో ఉన్నాడన్న మనిషి ఈమె ఒక్కతే. సరే పోదామన్నాను.

మొదటి అడ్డంకి ఆచారం. చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాదిదాకా గుట్టలెక్కరు, గుళ్లకు పోరు. మరిది హయత్‌నగర్‌లో ఉంటాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో పని చేస్తాడు. అన్నకు కర్మలన్నీ చేసింది ఆయనే. విషయం తెలిసిన సాయంత్రమే వచ్చాడు. ఏడాదిలోపు గుడి మెట్లెక్కితే పోయినవాడికే మంచిది కాదన్నాడు. వదినా, నువ్వు చదువుకున్నదానివి, నువ్వన్న చెప్పు అని నా వైపు చూశాడు. నేను ఏమీ అనకముందే అత్తమ్మ అందుకుంది.

"యముని కాడికి పోనీకి మైలేందిరా? మైలంటే భయపడితే ఆయన పని ఎట్ల నడుస్తది? సచ్చినోళ్ల ఇండ్లే గద ఆయన తిరిగేది."

మరిది చాయ్ సగం తాగి, బస్సులే లేనప్పుడు ఈ పంచాయితీ ఎందుకని లేచిపోయాడు.

కింది వాటాలో ఇల్లుగలామె ఉండేది. వాళ్లది గుడివాడ వైపు, వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. సమ్మె మొదలైనప్పటి నుంచి ఆమె గేటు దగ్గర నిలబడి మాట్లాడటం తగ్గించింది. మా ఇంటికి మాత్రం రోజూ వచ్చేది. ఆమెకూ అత్తమ్మకూ మధ్య ఒకరి మీద ఒకరు విసుర్లు విసురుకోవడం మామూలే.

"మీ దిక్కు బస్సులు మంచిగ నడుస్తున్నయట గద వదినా," అన్నది అత్తమ్మ. "ఒకటి ఇటు పంపియ్యరాదు."

"పంపుతూనే ఉన్నాం వదినగారూ. మీవాళ్లే కోదాడ దగ్గర ఆపేస్తున్నారు."

"అడిగింది ఇచ్చేస్తే ఎందుకు ఆపుతరు?"

"నా చేతిలో ఉంటే ఈపాటికి ఇచ్చేసేదాన్ని. రోజూ కరెంటు పోయి చస్తున్నాం. ఆ యముడు కూడా మీతోపాటు సమ్మెలోకి దిగితే బాగుండును, మనలాంటి వాళ్లం నాలుగు రోజులు ఎక్కువ బతుకుతాం."

అత్తమ్మ నవ్వింది. ఆ ఏడాదిలో ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. మర్నాడు ఇల్లుగలామె తనకు తెలిసిన పురోహితుణ్ణి అడిగి వచ్చింది. గుడికని పోవద్దు, నదికని పొమ్మన్నాడట ఆయన. సంగమంలో స్నానం చేసి, పోయినవాళ్లకు నీళ్లు వదలడానికి ఏ అడ్డూ ఉండదు, అక్కడిదాకా పోయాక లోపలికి పోయి ఒక చెంబు నీళ్లు పోస్తే ఎవరూ అడగరు అన్నాడట. అత్తమ్మకు అది చాలింది. మరిది కూడా ఫోన్లో, మీ ఇష్టం అన్నాడు.

నేను ఇంకో దారి కూడా వెతికాను. కాళేశ్వరంలో కొన్న స్థలపురాణం పుస్తకం తీసి చదివాను. ఇంట్లో ఉన్న క్షేత్రాల పుస్తకాలు రెండు తిరగేశాను. ఎక్కడైనా ఒక కథలో, తెలియక చేసినవాళ్లకు తప్పు లేదన్న మాట దొరుకుతుందేమోనని. పురాణాల్లో మామూలుగా అట్లాంటి మాట ఉంటుంది. ఇందులో లేదు. మూడింటిలోనూ యముడు చాలా కచ్చితంగా ఉన్నాడు. అత్తమ్మకు చదివి వినిపించదగ్గది ఏదీ లేక పుస్తకాలు మూసి అలమారలో పెట్టేశాను.

ఇక బండి. రైలులో కాజీపేటదాకా పోదామనుకుంటే రైళ్లు ఎప్పుడు ఆపుతారో తెలియదు. ఎల్బీ నగర్ చౌరస్తాలో ప్రైవేటు బండ్లు నిలబడి ఉండేవి. రోజూ పొద్దున నడుచుకుంటూ పోయి అడిగేదాన్ని. సూర్యాపేట, నల్లగొండ అంటే ఎక్కించుకుంటామనేవాళ్లు, కాళేశ్వరం అంటే తల తిప్పుకునేవాళ్లు. అంతదూరం అడవి దారిలో పోయి, మధ్యలో ఎక్కడైనా అద్దాలు పగిలితే ఎవరిది పూచీ అనేవాళ్లు. చివరికి నల్లగొండ వైపు డ్రైవరొకాయన ఒప్పుకున్నాడు. వాళ్లమ్మ కూడా ఆ ఏడే పోయిందట. ఒక గురువారం అనుకున్నాం. ముందురోజు బంద్ అన్నారు. ఇంకో సోమవారం అనుకున్నాం. ఆ రోజు పట్టాల మీద, రోడ్ల మీద జనం కూర్చున్నారు. అత్తమ్మ ప్రతిసారీ సంచి సర్దేది. నేను ప్రతిసారీ విప్పేదాన్ని. ఈలోపు పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస పోయింది, బతుకమ్మలు పోయినయి, దసరా పోయింది. మా సందులో ఆడవాళ్లు ఆడుతుంటే మేం కిటికీ మూసుకుని కూర్చున్నాం. ఏడాది నిండని ఇల్లు గదా.

తిథి ఇంకా రెండు రోజులుందనగా డ్రైవర్ పొద్దున ఆరింటికి వచ్చాడు. ఈ రోజు పోయి, రాత్రి అక్కడ ఉండి, రేపు సాయంత్రానికి తిరిగి రావాలి. ఎల్లుండి పొద్దున్నే ఇంట్లో కార్యం. ఇది తప్పితే ఇంక లేదు. నాగోలు, ఉప్పల్ తేలికగానే దాటాం. ఘట్‌కేసర్ దగ్గర బండ్లు బారులు తీరి ఉన్నాయి. రోడ్డు మధ్యలో రాళ్లు పెట్టి పెద్ద పెద్ద వంట గంజులు ఎక్కించారు. సమ్మెవాళ్ల వంటావార్పు. ఆడవాళ్లు రోడ్డు మీదే కూర్చుని వంకాయలు కోస్తున్నారు. మైకులో పాట. మా లెక్చరర్ల బ్యానర్ కూడా ఒకటి కట్టి ఉంది.

దిగిపోయి, ఎర్ర తువ్వాల వేసుకున్న ఒకాయనకు సంగతి చెప్పాను. నిదానంగానే విన్నాడు.

"అంబులెన్స్ అయితే ఇడుస్తం మేడం. పొద్దటి సంది వచ్చినోళ్లంత గుడికే పోతున్నం అంటున్నరు. ఇంత భక్తి మాకు తెల్వకపాయె." బ్యానర్ వైపు చూసి అడిగాడు. "లెక్చరర్ అంటున్నరు, మీరే గిట్ల అడిగితే ఎట్ల?"

ఆయన తప్పేమీ లేదు. అదే రోడ్డు మీద నేను కూర్చోవలసిన రోజు అది. సాయంత్రం నాలుగింటికి లేస్తామన్నాడు. తిరిగి వచ్చి డ్రైవర్‌తో చెప్పాను. నాలుగింటికి బయలుదేరితే గుడి మూసే వేళకు కూడా చేరలేమని, రేపు పొద్దున నీళ్లు పోసి బయలుదేరితే దారిలో ఇంకెన్ని చోట్ల ఆపుతారో, ఎల్లుండి కార్యానికి అందుకుంటామో లేదో తెలియదని ఆయన అన్నాడు. బండి వెనక్కి తిప్పడానికి కూడా సందు లేదు. సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకున్నాడు.

అత్తమ్మ కిటికీలోంచి ఆ గంజుల వైపే చూస్తూ కూర్చుంది. ఎండ పడుతున్నా జరగలేదు. చాలాసేపటికి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఆ దినం చెంబు ఒంపింది నేను. అది సరే. వాడేం చేసిండు? ఆ యమునికి దండం పెట్టిండా?"

ఈ ఏడాదిలో ఆమె నన్ను ఈ మాట అడగలేదు. అడగాలని ఉండీ అడగలేదని అప్పుడు అర్థమైంది. ఆ రోజు గర్భగుడిలో ఆమె ముందు ఉంది. ఆయన వెనక ఉన్నాడు. ఆయన పక్కన ఉన్నది నేనే.

నేను చూడలేదు. అదే నిజం. నేను గడియారం చూస్తున్నాను. ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకుని గుంజాను, అది బాగా గుర్తుంది. ఆయన చేతులు జోడించాడో లేదో నాకు తెలియదు. పెట్టిండు అని చెప్పొచ్చు. కానీ ఆమెను ఓదార్చడానికే చెప్పానని తెలిసిపోతుంది. ఏడాదిగా అందరూ చేస్తున్న పని అదే. చూడలేదు అని కూడా చెప్పొచ్చు. చెప్తే ఎల్లుండి ఆమె కొడుకు ఏ జవాబూ లేకుండా అక్కడ నిలబడతాడు.

"పెట్టబోయిండు అత్తమ్మా," అన్నాను. "నేనే చొక్కా పట్టుకుని గుంజిన. బస్సు పోతదని."

అప్పుడు తిరిగింది నా వైపు.

"పెట్టబోయిండా?"

"పెట్టబోయిండు."

"నువ్వు గుంజినవు."

"గుంజిన."

తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాలనే అనుకున్నాను. ఆమె ముఖంలో కోపం లేదు. పోగు ఎక్కడ తెగిందో దొరికినప్పుడు మనిషి ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"అట్లయితే వాని మీద లేదు," అన్నది. "పెట్టబోయినోన్ని అడ్డుకున్నది నువ్వు. అది నీ మీద ఉన్నది. ఒంపింది నా మీద ఉన్నది. వాని మీద ఏం లేదు."

"లేదు."

"నాది నేను యమునికి చెప్పుకుంట. ముసలిదాన్ని, జనం తోసిండ్రు, చెవులు సరిగ ఇనరావు అంట. నీది నువ్వు చెప్పుకో." మళ్లీ తనే అన్నది. "మనకు తొందర లేదు. మనం ఇంక ఈడనే ఉన్నం గద."

డ్రైవర్ కళ్లు తెరిచి అద్దంలో మమ్మల్ని చూశాడు, మళ్లీ మూసుకున్నాడు.

పన్నెండు దాటాక బండ్లలో ఉన్నవాళ్లందరినీ తినడానికి పిలిచారు. నేను వద్దనబోయాను. అత్తమ్మ అప్పటికే తలుపు తీస్తోంది. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఒక పూట తిండే ఆమెది, అదీ నా పోరు పడలేక. రోడ్డు మీద పరిచిన పట్టా మీద కూర్చుని, విస్తట్లో అన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు పెట్టించుకుంది. పచ్చిపులుసు రెండోసారి అడిగింది. ఉప్పు తక్కువైందని వడ్డించే ఆవిడతో అన్నది. రోడ్డు మీద వంట పెద్దమ్మా, జర సర్దుకో అన్నది ఆవిడ. సర్దుకుంటా గానీ తక్కువైతే అయింది అన్నది అత్తమ్మ.

సాయంత్రం ఐదు దాటాక ఇంటికి చేరాం. రెండు రోజులకు మరిది వచ్చాడు, కార్యం జరిగింది. పిండాలు పెట్టేటప్పుడు అత్తమ్మ ఏడవలేదు. ఆ మధ్యాహ్నం చాప మీద పడుకుని దీపాలు పెట్టే వేళదాకా నిద్రపోయింది. నేను లేపలేదు. వంటింట్లో గిన్నెలు చప్పుడు కాకుండా కడుక్కున్నాను.

నేను అక్కడ చెప్పిందాంట్లో సగమే నిజమని ఎవరికీ చెప్పలేదు. గుంజడం నిజం. పెట్టబోయాడన్నది నేను కలిపింది. ఆయన పెట్టి ఉండొచ్చు కూడా. అట్లాంటివి మరిచిపోయే మనిషి కాదు. అప్పటి నుంచి నాకు గుర్తున్నట్టే అనిపిస్తుంది, రెండు చేతులూ కొద్దిగా పైకి లేచినట్టు. అది నేను కల్పించుకున్నదని తెలుసు. తెలిసినా అది పోవడం లేదు.

మరికొన్ని రోజులకు బస్సులు నడిచాయి. కాలేజీ తెరిచారు. రాష్ట్రం మాత్రం అప్పటికి రాలేదు. ఒక ఆదివారం ఇల్లుగలామె పైకి వచ్చి, బస్సులు తిరుగుతున్నాయిగా వదినగారూ, ఇక కాళేశ్వరం ప్రయాణం కట్టరా అని అడిగింది. అత్తమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"శివరాత్రి జనం పోనియ్యి వదినా. నిమ్మళంగ పోతం."

"ఏడాదిలోపే వెళ్లాలన్నారు? అప్పుడంత పట్టుబట్టారు కదా."

"అది వాని కోసం. వాని పని అయిపోయింది," అన్నది అత్తమ్మ. ఇంకో కాయ తీసుకుంది. "ఇప్పుడు కోడలికి పనున్నది ఆడ."

ఇల్లుగలామె నా వైపు చూసింది. అవునన్నాను.